డర్ట్ బైక్ పని ఇంట్లోనే: చేతి బలం ఎక్కడ తగ్గించాలి

(డర్ట్ బైక్ రైడర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు జరగండి, ఈ చక్రం మీక్కూడా కనబడాలి.

ముందు ఒక మాట అడుగుతాను. సొంతంగా ఇంజిన్ ఆయిల్ మార్చుకునేవాళ్లు చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. టైరు మార్చుకునేవాళ్లు? చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో! ఎత్తినవాళ్లలోనూ కొందరు పక్కవాడి మొహం చూసి ఎత్తారు. (నవ్వులు)

"ఇంట్లో చేస్తే పాడవుతుందేమోనండీ" అని చాలామంది అంటారు. పాడయ్యే మాట నిజమే. కానీ నేను చూసినంతలో ఇంటి పనిలో బండి చెడేది పని రాక కాదు, వచ్చిన పనినే మరీ గట్టిగా చేయడం వల్ల. డ్రెయిన్ బోల్టు త్రెడ్లు పోయేది బిగించకపోవడం వల్ల కాదు కదా! చైను లాగి కట్టినందుకు బేరింగ్ పోతుంది. టైరు ఊడదీసే ఇనుప పట్టీ, అదే లివర్, దాని మీద బరువంతా వేసినందుకు కొత్త ట్యూబుకు చిల్లు పడుతుంది. అందుకని ఈ రోజు ఏ పని ఎలా చేయాలో చెబుతూనే, ఏ పనిలో చెయ్యి ఎక్కడ ఆపుకోవాలో కూడా చెబుతాను.

కడగడం దగ్గర మొదలుపెడదాం. ప్రెషర్ వాషర్ చేతికి రాగానే మనకు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. మడ్‌గార్డుల కింద, ఇంజిన్ కింద ప్లేటు మీద ఎంత ఆడించినా ఫరవాలేదు. కానీ ఆ ధారను చక్రాల బేరింగుల సీళ్ల మీదకు, స్టీరింగ్ హెడ్ మీదకు, వెనక షాక్ అబ్జార్బర్‌ను చక్రం వైపు కలిపే లింకేజీ మీదకు దగ్గర నుంచి కొట్టకండి. ఆ సీళ్లు బురదను, తుంపరలను ఆపగలవు గానీ అంత ఒత్తిడితో వచ్చే నీటిని ఆపలేవు. నీళ్లు లోపలికి వెళ్లి గ్రీజును కడిగేస్తాయి. రేడియేటర్ రెక్కలు ఎంత పల్చగా ఉంటాయో మీకు తెలుసు, అవి వంగిపోతాయి. సైలెన్సర్ మూతికి ప్లగ్గు పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని చోట వాష్ కవర్ బిగించండి. ఇక లింకేజీ సంగతి. చాలా బండ్లలో అక్కడ కంపెనీ పెట్టే గ్రీజు పొదుపుగానే ఉంటుంది. కొత్త బండి ఇంటికి రాగానే విప్పి ఒకసారి గ్రీజు పట్టిస్తే ఆ నీడిల్ బేరింగులు చాలాకాలం మన్నుతాయి. చేసేవాళ్లు తక్కువ. తుప్పు పట్టాక బేరింగును కొట్టి బయటికి తీయాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరికీ ఈ మాట గుర్తుకొస్తుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి రెండు ముక్కలు. మన బండ్లకు ఉండేది నూనె పట్టించిన ఫోమ్. దుమ్మును పట్టేది ఫోమ్ ఒక్కటే కాదు, అందులోని జిగురు నూనె. అది సరిగ్గా పట్టకపోతే సన్నటి ఇసుక నేరుగా పిస్టన్ రింగుల దగ్గరికి పోతుంది. పెట్రోలుతో కడగకండి. మంట ప్రమాదం ఎటూ ఉంది, పైగా ఫోమ్ అతుకుల దగ్గర జిగురు వదిలేస్తుంది. ఫిల్టర్ క్లీనర్‌తో కడిగి, సబ్బు నీళ్లలో ముంచి తీసి, అరచేతుల మధ్య నొక్కండి. ఇక్కడ కూడా చేతి బలమే శత్రువు. తడి బట్ట పిండినట్టు మెలిపెడితే అతుకులు ఊడిపోతాయి. పూర్తిగా ఆరాక నూనె పోసి, అన్ని చోట్లా ఒకే రంగు వచ్చేదాకా పిసకండి. ఒక మూల రంగు లేతగా ఉందంటే అక్కడ నూనె చేరలేదన్నమాట. ఎయిర్ బాక్సుకు ఆనే అంచు చుట్టూ పల్చగా గ్రీజు రాయండి.

ఇక ఆయిల్. రోడ్డు బండికి కిలోమీటర్లు లెక్క, మన బండికి గంటలు లెక్క. అందుకే అవర్ మీటర్ లేనివాళ్లు ముందు అది పెట్టించుకోండి. మోటోక్రాస్, అంటే మట్టి ట్రాకు పోటీల, ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో ఉండే ఆయిల్ లీటరుకు అటూ ఇటూ. అంత కొంచెం ఆయిలే క్రాంకునూ గేర్లనూ క్లచ్‌నూ చూసుకోవాలి, అదీ ఇంజిన్ గొంతు చించుకుని అరుస్తున్నప్పుడు. కాబట్టి తరచుగా మార్చాల్సిందే. ఎన్ని గంటలకన్నది మీ బండి మాన్యువల్లో ఉంటుంది. పోటీలకు వెళ్లేవాళ్లు అంతకంటే ముందే మార్చేస్తారు.

టూ స్ట్రోక్ వాళ్లకు ఈ బాధ తక్కువ. వాళ్ల క్రాంకుకు నూనె పెట్రోలులో కలిసే వస్తుంది, కింద పోసే ఆయిల్ గేర్లకూ క్లచ్‌కూ మాత్రమే. ఒకప్పుడు మోటోక్రాస్ ట్రాకుల మీద దాదాపు అన్నీ టూ స్ట్రోక్ బండ్లే. 1997 మేలో లాస్ వేగాస్‌లో స్టేడియంలో జరిగే సూపర్‌క్రాస్ పోటీలో అమెరికన్ రైడర్ డగ్ హెన్రీ యమహా తయారుచేసిన ఫోర్ స్ట్రోక్ ప్రయోగాత్మక బండి మీద గెలిచాడు. మరుసటి ఏడాది వైజెడ్400ఎఫ్ మార్కెట్లోకి వచ్చింది. అక్కడి నుంచి గాలి మళ్లింది. దాంతోపాటు మన ఇంటి పనీ మారింది. ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీని, అంటే వాల్వ్ క్లియరెన్స్‌ను చూసుకోవడం, దాన్ని సరిచేసే చిన్న బిళ్లలైన షిమ్ములు మార్చడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. టూ స్ట్రోక్‌లో పైన పిస్టన్ మార్చుకోవడం ఓపికున్నవాడు ఇంట్లో చేసుకోగలిగిన పని. ఫోర్ స్ట్రోక్ హెడ్ విప్పేముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

డ్రెయిన్ బోల్టు దగ్గరికి వద్దాం. కేసింగ్ అల్యూమినియం, బోల్టు స్టీలు. రెండూ పోట్లాడుకుంటే ఓడేది కేసింగే. చాలా బండ్లలో ఆ బోల్టుకు చెప్పే టార్క్, అంటే తిప్పి బిగించే బలం, 20 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ. వెనక ఆక్సిల్ నట్టుకేమో బండిని బట్టి 80 నుంచి 130 దాకా. స్పోకు నిపిల్‌కు 3 నుంచి 6. ఇప్పుడు చెప్పండి, 5కీ 20కీ 100కీ తేడా మీ మణికట్టుకు తెలుస్తుందా? పొడుగు పానా పట్టుకుంటే ఏదైనా తేలిగ్గానే అనిపిస్తుంది. అందుకే టూల్‌కిట్‌లో మొదట కొనాల్సింది టార్క్ రెంచ్, అంటే పెట్టుకున్న బలం రాగానే టక్కుమనే పానా, అంటాను నేను, రంగురంగుల యానోడైజ్డ్ బోల్టులు కాదు. నిజానికి రెండు రెంచిలు కావాలి. చిన్న టార్కులకు ఒకటి, ఆక్సిల్‌కు ఒకటి. పెద్దదాంతో చిన్న బోల్టు బిగిస్తే, ఆ టక్కుమనే శబ్దం వచ్చేలోపే త్రెడ్లు పోతాయి.

చైను గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. చైను వదులుగా వేలాడుతుంటే చూడ్డానికి బాగోదు. చెయ్యి ఊరుకోదు, లాగి కట్టేస్తాం. స్టాండు మీద ఉన్నప్పుడు అది చక్కగానే కనిపిస్తుంది. కానీ బండి దిగి గుంతలో పడ్డప్పుడు ఏమవుతుందో చూడండి. ముందు స్ప్రాకెట్, వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే స్వింగ్ ఆర్మ్ ఇరుసు (పివట్), వెనక ఆక్సిల్, ఈ మూడూ ఒకే గీత మీదకు వచ్చినప్పుడు ముందు స్ప్రాకెట్‌కూ ఆక్సిల్‌కూ మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. అంటే చైను అప్పుడే బాగా బిగుసుకుంటుంది. స్టాండు మీదే మీరు దాన్ని తీగలా బిగించి ఉంటే, ఆ క్షణంలో సస్పెన్షన్ కిందికి వెళ్లాలని చూస్తుంది, చైను వెళ్లనివ్వదు. ఆ దెబ్బ గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగ్ మీద పడుతుంది. పక్కనున్న సీలు లీకవుతుంది. చైను తెగితే అది ఇంజిన్ కేసింగునే పగలగొట్టొచ్చు. వదులు చైను చప్పుడు చేస్తుంది, మరీ వదులైతే ఊడిపోతుంది. బిగుసు చైను మాత్రం చప్పుడు లేకుండా ఖర్చు పెట్టిస్తుంది.

ఎంత వదులు ఉండాలి? మోటోక్రాస్ బండ్లలో 50 మిల్లీమీటర్ల చుట్టుపక్కల చెప్పే మాన్యువల్స్ చాలా ఉన్నాయి. అయితే ఎక్కడ కొలవాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఒకరు స్వింగ్ ఆర్మ్ మధ్యలో కొలవమంటారు, ఇంకొకరు స్వింగ్ ఆర్మ్ మీద చైను రాసుకునే ప్లాస్టిక్ ముక్క, అదే చైను స్లైడర్, దాని చివర కొలవమంటారు. స్టాండు మీద కొలవాలా, నేల మీదా అన్నది కూడా చూసుకోండి. అనుమానం ఉంటే ఒక పని చేయండి. వెనక షాక్ బోల్టు ఒకటి విప్పి, చక్రాన్ని ఎత్తి ఆ మూడింటినీ ఒకే గీత మీదకు తెచ్చి చూడండి. అక్కడ కూడా చైను కాస్త కదిలితే మీ సెట్టింగ్ సరైనదే.

స్పోకుల సంగతి త్వరగా ముగిస్తాను. పానాతో ఒక్కో స్పోకును మెల్లగా తట్టండి. బిగువున్నవి గణగణ మంటాయి, వదులైనవి మొద్దుగా పలుకుతాయి. కొత్త చక్రం మొదటి రైడ్ తర్వాత తప్పకుండా చూడాలి. ఒకే స్పోకును పట్టుకుని నాలుగు చుట్లు తిప్పకండి. పావు చుట్టు తిప్పి పక్కదానికి వెళ్లండి.

సరే, ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న పని. ఈ వెనక చక్రాన్ని ఖాళీ డ్రమ్ము మీద పడుకోబెట్టాను. నేల మీద వేస్తే డిస్కు వంగుతుంది, మన నడుమూ విరుగుతుంది. ఇది 19 అంగుళాల రిమ్ము, మోటోక్రాస్‌ది. అడవి దారుల్లో దూరం నడిపే ఎండ్యూరో బండ్లకు వెనక 18 ఉంటుంది, ఆ టైరు సైడ్‌వాల్ ఎత్తు. ముందు చక్రం ఎక్కువ బండ్లలో 21. ఎండ ఉంటే కొత్త టైరును కాసేపు ఎండలో పడేయండి. రబ్బరు మెత్తబడుతుంది, సగం విసుగు తగ్గుతుంది.

ముందు వాల్వ్ కోర్ తీసేసి గాలి మొత్తం వదిలేయాలి. తర్వాత రిమ్ లాక్. ఇదేం పని చేస్తుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మనం 12 నుంచి 15 పీఎస్‌ఐ దాకా మాత్రమే గాలి పెడతాం కదా, అంత తక్కువ గాలితో థ్రాటిల్ తిప్పితే రిమ్ము తిరుగుతుంది, టైరు జారుతుంది. టైరుతోపాటు ట్యూబు జారి వాల్వు మొదలంటా చిరుగుతుంది. అది జరక్కుండా టైరు బీడ్‌ను, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచును, రిమ్ముకు అదిమిపట్టేది రిమ్ లాక్. దాని నట్టును చివరి త్రెడ్ల దాకా వదులు చేయండి, పూర్తిగా తీయకండి. తర్వాత దాన్ని లోపలికి నొక్కండి. లోపలికి పోకపోతే ఇంకా పట్టుకునే ఉందన్నమాట. ఆ స్థితిలో లివర్ వేసి ఎంత పీకినా టైరు రాదు.

ఇప్పుడు అసలు రహస్యం చూడండి. టైరు తీసేశాక ఉత్త రిమ్ము ఎలా ఉంటుందో ఈ రెండో రిమ్ములో చూపిస్తాను. మధ్యలో లోతుగా గాడి ఉంది కదా? రెండు అంచులూ ఎత్తుగా ఉన్నాయి. టైరు బీడ్ లోపల స్టీలు తీగలుంటాయి, అవి సాగవు. మీరు మల్లయోధుడైనా సాగవు. బీడ్ చుట్టుకొలత రిమ్ము అంచు చుట్టుకొలత కంటే తక్కువ. మరి అది అంచు దాటి ఎలా వస్తుంది? ఒక వైపు బీడ్‌ను గాడిలోకి దింపితే, ఎదుటి వైపు అంత వదులు దొరుకుతుంది. టైరు మార్చడమంటే ఆ వదులును మనకు కావలసిన చోటికి తెచ్చుకోవడమే. లివర్ బరువెక్కిందంటే ఎదుటి వైపు బీడ్ గాడిలోంచి పైకి ఎక్కేసిందని అర్థం. అప్పుడు చేయాల్సింది పెద్ద లివర్ తేవడం కాదు. ఆ పక్కకు వెళ్లి మోకాలితో బీడ్‌ను మళ్లీ కిందికి నొక్కడం.

ఇదిగో, మోకాలి బరువుతో చుట్టూ బీడ్ విడిపించాను, రెండు వైపులా. సబ్బు నీళ్లు ధారాళంగా పూశాను. పిసినారితనం ఇక్కడ పనికిరాదు. లివర్లు మూడు చాలు, పొట్టివే మంచివి. పొట్టి లివర్ బరువెక్కగానే చేతికి తెలుస్తుంది. పొడుగుది మీ తప్పును కూడా పూర్తి చేసిపెడుతుంది. రెండేసి వేళ్ల వెడల్పున కొంచెం కొంచెంగా ఎత్తుతూ వెళ్లండి. ఒక వైపు వచ్చేసింది. ట్యూబు లాగేశాను. రెండో బీడ్‌కు చక్రాన్ని నిలబెట్టి వెనక నుంచి లివర్ వేస్తే సరిపోతుంది.

కొత్తది ఎక్కించే ముందు ఆగండి. పాత టైరునే మళ్లీ వాడుతుంటే లోపలి వైపు నెమ్మదిగా చేత్తో తడమండి. ట్యూబుకు చిల్లు చేసిన ముల్లు ఇంకా అక్కడే కూర్చుని ఉండొచ్చు. రిమ్ బ్యాండ్ జరిగిందా, స్పోకు మొన ఏదైనా పైకి పొడుచుకొచ్చిందా చూడండి. టైరు మీద బాణం గుర్తు ఎటు ఉందో చూడండి. ఇది చూడకుండా ఎక్కించి, అంతా అయ్యాక తలపట్టుకున్నవాళ్లు ఈ హాల్లో ఉన్నారు, పేర్లు చెప్పను. (నవ్వులు)

మొదటి బీడ్ కాలితో తొక్కితే దాదాపు దానంతట అదే ఎక్కుతుంది. ట్యూబుకు టాల్కం పౌడర్ రాసి, గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రం పట్టి లోపల పెట్టండి. ముడతలుండవు, లివర్ కిందకు చొరబడదు. వాల్వ్ బయటికి రాగానే నట్టు రెండు చుట్లు తిప్పి వదిలేయండి.

రెండో బీడ్ నేను రిమ్ లాక్ దగ్గర మొదలుపెడతాను. లాక్‌ను కింది నుంచి పైకి నొక్కి, బీడ్ దాని కిందకు వెళ్లేలా చూసి, అక్కడి నుంచి రెండు వైపులా వస్తాను. ముప్పావు భాగం హాయిగా వెళ్తుంది. చివరి జానెడు దగ్గర అందరికీ చెమట పడుతుంది. ఇక్కడే ట్యూబులు చస్తాయి. చూడండి, లివర్ ఇప్పుడు బరువుగా ఉంది. నేను ఏం చేస్తున్నాను? లివర్ వదిలేశాను. ఎదుటి వైపుకొచ్చి రెండు మోకాళ్లూ బీడ్ మీద పెట్టి గాడిలోకి దింపాను. ఇటు కాస్త సబ్బు పూశాను. ఇప్పుడు లివర్ కొనను బీడ్ కిందకు కొద్దిగా మాత్రం పెట్టాను, వేలి గోరంత. లోతుగా పెడితే ఆ కొన వెళ్లి ట్యూబును రిమ్ముకేసి నొక్కుతుంది. లివర్‌ను నిలువు దాటనివ్వకుండా ఎత్తాను. వినబడిందా? టప్పున పడిపోయింది. ఇప్పుడు నా వాల్వు నుంచి గాలి వెళ్తే ఎక్కడా బుస్సుమనదు.

గాలి పట్టేటప్పుడు సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటకుండా, బీడ్ చుట్టూతా కూర్చునేదాకా పట్టండి. టైరు పక్కన అచ్చు పోసిన సన్నటి గీత రిమ్ము అంచుకు అంతటా ఒకే దూరంలో ఉండాలి. ఒక చోట లోపలికి పోయిందంటే అక్కడ కూర్చోలేదు. గాలి వదిలి, సబ్బు పూసి, మళ్లీ పట్టండి. కూర్చున్నాక మీకు కావలసిన ఒత్తిడికి దించి, అప్పుడు రిమ్ లాక్ బిగించండి. 12, 13 న్యూటన్ మీటర్లు చాలు. వాల్వ్ నట్టును రిమ్ముకేసి బిగించొద్దు, పైకి తెచ్చి మూతకు ఆనించండి. రేపు టైరు జారితే వాల్వు పక్కకు వాలి మీకు కనబడుతుంది. రిమ్ముకు బిగించి ఉంటే వాలడానికి చోటు లేక చిరుగుతుంది.

చక్రం బండికి ఎక్కించేటప్పుడు చైనుకూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య మడిచిన గుడ్డ పెట్టి, చక్రాన్ని వెనక్కి తిప్పండి. ఆక్సిల్ రెండు అడ్జస్టర్లకూ ఆని నిలబడుతుంది, అలా ఉండగా నట్టు బిగించండి. ముందు చక్రమైతే ఆక్సిల్ బిగించాక ఫోర్కును నాలుగుసార్లు కిందికి నొక్కి, ఆ తర్వాతే ఫోర్కు కింద ఆక్సిల్‌ను పట్టి ఉంచే పించ్ బోల్టులు బిగించండి. అన్నిటికంటే ముఖ్యం, ఎక్కే ముందు బ్రేకు లివర్, పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. చక్రం పెట్టేటప్పుడు ప్యాడ్లు వెనక్కి వెళ్లి ఉంటాయి. మొదటి మలుపులో లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం.

ప్రశ్నలుంటే అడగండి.

(ఎక్కించిన మర్నాడే గాలి దిగిపోతే తప్పు ఎవరిదో ఎలా తెలుస్తుందని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్న. ట్యూబు తీసేటప్పుడు వాల్వు టైరు మీద ఎక్కడుందో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. ట్యూబు బయటికొచ్చాక గాలి పట్టి, అదే వరసలో టైరు పక్కన పెట్టి చూడండి. చిల్లు నేలవైపు ఉంటే ముల్లో మేకో. రిమ్మువైపు మధ్యలో ఉంటే స్పోకును అనుమానించాలి. పక్కగా, మీరు చివరిగా లివర్ వేసిన చోట సన్నటి చీలిక ఉంటే, తమ్ముడూ, ముల్లును తిట్టుకోకు. (నవ్వులు)

(ట్యూబు బదులు మూస్ వేసుకోవచ్చా అని మరొకరు అడిగారు.)

వేసుకోవచ్చు. అది గాలి లేని ఫోమ్ వలయం, పంక్చర్ అన్న మాటే ఉండదు. కానీ దానికి ప్రత్యేకమైన జెల్ పట్టించాలి, ఎప్పటికప్పుడు కొత్తగా రాయాలి. లేకపోతే వేడికి పాడవుతుంది. తారు రోడ్డు మీద వేగంగా వెళ్లేవాళ్లకు అది సరిపడదు. ఎక్కించడం ట్యూబు కంటే కష్టం, ఎందుకంటే ట్యూబులో గాలి తీసేస్తే గాడి ఖాళీ అవుతుంది, మూస్ గాడిలోనూ చోటు ఆక్రమిస్తుంది. ముందు ట్యూబుతో చెయ్యి తిరగనివ్వండి.

(ఇంట్లో అస్సలు ముట్టుకోకూడని పని ఏదని చివరి ప్రశ్న.)

వెనక షాక్. అందులో నైట్రోజన్ 10 బార్ల దాకా ఒత్తిడితో ఉంటుంది, సరంజామా లేకుండా విప్పొద్దు. క్రాంకు పని కూడా ప్రెస్సు ఉన్నవాళ్లకే వదిలేయండి. బ్రేకు ఫ్లూయిడ్ మార్చుకోవచ్చు గానీ మూత మీద ఏం రాసుందో చదివాకే. కొన్ని బండ్ల క్లచ్‌లో మినరల్ ఆయిల్ ఉంటుంది, అందులో డాట్ 4 బ్రేకు ఫ్లూయిడ్ పోస్తే సీళ్లు ఉబ్బిపోతాయి. ముందు ఫోర్కు లీకైతే మాత్రం వెంటనే వర్క్‌షాప్‌కు పరుగెత్తకండి. దుమ్ము సీలు కిందికి దించి, పల్చటి ప్లాస్టిక్ ముక్కను కొక్కెంలా కత్తిరించి, అసలు సీలు లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. ఇరుక్కున్న మట్టి బయటికొస్తుంది, చాలాసార్లు లీకు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే సీలు మార్చాల్సిందే, ఆ నూనె కిందికి కారి బ్రేకు ప్యాడ్లకు అంటకముందే.